ఖనిజాల పొడి కొనాలా, బ్యాక్టీరియా పొట్లం కొనాలా? నల్గొండ, మహబూబ్‌నగర్ పాడి రైతులకు ఎంపిక సలహా

"బర్రెలకు ఈ పొట్లం వేస్తే ఇక ఖనిజాల పొడి అవసరం లేదట. నిజమేనా బాబూ?"

మునుగోడు పక్క ఊళ్లో ఉండే మా పెద్దనాన్న పోయిన వేసవిలో ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు ఐదు గేదెలు, ఇరవై దాకా గొర్రెలు, పెరట్లో కోళ్లు ఉన్నాయి. మేలు చేసే బ్యాక్టీరియా మేతలోని సూక్ష్మ ఖనిజాలను వంటికి పట్టిస్తుందని ఆ పొట్లం మీద రాసి ఉందట. గేదెలకు ఖనిజాల పొడి మానవద్దని వెంటనే చెప్పాను. కోళ్ల సంగతి వేరని, గొర్రెల సంగతి ఇంకా వేరని చెప్పబోతే ఆయన అడ్డుకుని, "అయితే కాగితం మీద రాసి పంపు, చదువుకుంటాను" అన్నారు. ఆ కాగితాన్నే మరికొంత పెంచి ఇక్కడ పెడుతున్నాను.

ముందు బరువుల లెక్క

రోజుకు 12 కిలోల ఎండు పదార్థం తినే పాలగేదెను తీసుకుందాం. ఎండు పదార్థం అంటే మేతలోని నీరంతా పోగా మిగిలే బరువు. కిలోకు 40 మిల్లీగ్రాముల చొప్పున ఆ గేదెకు రోజుకు 480 మిల్లీగ్రాముల జింక్ కావాలి. కిలోకు 10 చొప్పున రాగి 120 మిల్లీగ్రాములు. సెలీనియం కిలోకు 0.3 చొప్పున 3.6 మిల్లీగ్రాములు, కోబాల్ట్ 0.1 చొప్పున 1.2 మిల్లీగ్రాములు చాలు.

ఇప్పుడు పొట్లాన్ని తూకం వేద్దాం. ఒక మోతాదులో వెయ్యి కోట్ల బ్యాక్టీరియా ఉందని రాస్తే అది పెద్ద సంఖ్యలాగే కనిపిస్తుంది. కానీ ఒక్కో బ్యాక్టీరియా బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు మాత్రమే. వెయ్యి కోట్లూ కలిపితే దాదాపు 10 మిల్లీగ్రాములు. అందులోనూ ఎక్కువ భాగం నీరే. ఆ మొత్తం జింకే అనుకున్నా గేదె అవసరంలో దాదాపు యాభయ్యో వంతే. అదే ఐఎస్ఐ ప్రమాణం 1664 ప్రకారం తయారైన ఖనిజ లవణ మిశ్రమంలో జింక్ కనీసం 0.8 శాతం, రాగి కనీసం 0.1 శాతం ఉండాలి. వంద గ్రాములు వేస్తే 800 మిల్లీగ్రాముల జింక్, 100 మిల్లీగ్రాముల రాగి అందుతాయి.

బ్యాక్టీరియా ఖనిజాన్ని పుట్టించలేదు. ఉన్న ఖనిజాన్ని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చగలదు, దేనికో అతుక్కుని ఉన్నదాన్ని విడిపించగలదు, కొన్నిసార్లు విడిగా ఉన్నదాన్ని పట్టి బంధించనూగలదు. కాబట్టి పొట్లం కొనే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: మన మేతలో ఖనిజం అసలే లేదా, ఉండి కూడా అందడం లేదా? మా వైపు చాలా ఇళ్లలో పశువు తినేది వరిగడ్డి, తవుడు, కాస్త పత్తి చెక్క. మిర్యాలగూడ ఆయకట్టులో అయితే ఏడాది పొడవునా వరిగడ్డే. దానిలో జింక్, రాగి, భాస్వరం తక్కువ, ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ. పొలంలో జింక్ లోపం ఉంటే గడ్డిలోనూ అదే లోపం కనిపిస్తుంది. లేనిదాన్ని ఏ బ్యాక్టీరియా కూడా తెచ్చి ఇవ్వలేదు.

గేదె పొట్టలో ఉన్న సైన్యం

గేదె, ఆవు, గొర్రె, మేక నెమరువేసే జీవాలు. వాటి పెద్ద పొట్టలో మిల్లీలీటరు ద్రవానికి వంద కోట్లకు తగ్గకుండా బ్యాక్టీరియా ఉంటుంది. తవుడులో, చెక్కలో ఫైటేట్ అనే పదార్థం భాస్వరాన్నీ జింక్‌నూ కట్టేసి ఉంచుతుంది. ఆ కట్టును విప్పే ఎంజైమును ఈ పొట్టలోని బ్యాక్టీరియాయే తయారుచేసుకుంటుంది. మనం బయటి నుంచి వేసే చిటికెడు పొడి ఆ సముద్రంలో చెంబెడు నీళ్లు.

కోబాల్ట్ కథ ఇంకా అందమైనది. పశువు కోబాల్ట్‌ను నేరుగా వాడుకునేది బహుస్వల్పం. పెద్ద పొట్టలోని బ్యాక్టీరియా దానితో బి12 విటమిన్‌ను తయారుచేసి పశువుకు ఇస్తుంది. బ్యాక్టీరియా ఉంది, పని వచ్చు, ముడిసరుకు మాత్రం కావాలి. ముడిసరుకు లేకపోతే పశువు తింటూనే చిక్కిపోతుంది. అలాంటి చోట డబ్బు ముడిసరుకు మీద పెట్టాలి.

అంటే గేదెలకు బ్యాక్టీరియా పొట్లాలు వృథా అని కాదు. దూడలకు పారుడు తగిలినప్పుడు, యాంటీబయాటిక్ మందుల కోర్సు పూర్తయ్యాక, దాణా ఒక్కసారిగా మార్చవలసి వచ్చినప్పుడు డాక్టరు సలహాతో వాడితే జీర్ణం కుదుటపడటానికి పనికొస్తాయి. ఆ పనికి వాడండి. ఖనిజాల పేరుతో కొనకండి.

నల్గొండ నీటి చిక్కు

ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే మన జిల్లా అన్ని జిల్లాల్లాంటిది కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల బోరు నీటిలో ఫ్లోరైడ్ గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే పెట్టుకుంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక ఇంట్లో మనుషుల తాగునీరు మారింది. కొట్టంలోని తొట్టికి మాత్రం చాలాచోట్ల ఇంకా బోరు నీళ్లే. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, పళ్లు త్వరగా అరిగిపోవడం, కాళ్ల ఎముకల మీద గడ్డలు, కుంటు కనిపిస్తే ముందు నీటిని అనుమానించాలి. ఫ్లోరైడ్‌ను పొట్టలో తొలగించే బ్యాక్టీరియా ఏదీ దుకాణంలో లేదు. భగీరథ నీళ్లో, చెరువు నీళ్లో పశువులకు కూడా పట్టడం తప్ప దగ్గరి దారి లేదు.

రెండో చిక్కు మాలిబ్డినం అనే ఖనిజం. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ ప్రాంతంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉన్నవారిలో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంగిపోవడాన్ని పరిశీలించారు. అక్కడి జొన్నల్లో మాలిబ్డినం మోతాదును, దానివల్ల శరీరంలో రాగికి కలిగే ఇబ్బందిని లెక్కలోకి తీసుకున్నారు. ఆ పరిశీలన మనుషుల గురించి. అయితే అదే నేలలో పండిన జొన్న చొప్పను తినేది మన పశువులు. నెమరువేసే జీవాల్లో ఈ మాలిబ్డినం దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది.

దానికి కారణం పెద్ద పొట్టలోని బ్యాక్టీరియాయే. మేతలోని, నీటిలోని గంధకపు లవణాలను అది సల్ఫైడ్‌గా మారుస్తుంది. సల్ఫైడ్ మాలిబ్డినంతో కలిసి థయోమాలిబ్డేట్ అవుతుంది. ఆ పదార్థం రాగిని పట్టుకుని వదలదు. పశువు రాగి తింటుంది, ఆ రాగి పేడలో పోతుంది. మేతలో రాగి మాలిబ్డినం కన్నా కనీసం రెండు, మూడు రెట్లు లేకపోతే లోపం కనిపించడం మొదలవుతుంది. నల్లటి గేదె వెంట్రుకలు ఎర్రబారడం, కళ్ల చుట్టూ రంగు తేలిపోవడం, రక్తహీనత, ఎదకు సరిగా రాకపోవడం, తగ్గని పారుడు దాని గుర్తులు. బ్యాక్టీరియా అంటేనే మేలు అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ ఖనిజాన్ని దూరం చేస్తున్నది బ్యాక్టీరియా చేసే మామూలు పనే.

సాదా మిశ్రమమా, చీలేటెడ్ మిశ్రమమా?

ఈ ప్రశ్నకు ఇప్పుడు జవాబు తేలిక. సాదా మిశ్రమంలో రాగి, జింక్ ఎక్కువగా సల్ఫేట్ రూపంలో ఉంటాయి. చీలేటెడ్ రకంలో వాటిని గ్లైసిన్, మిథియోనిన్ వంటి అమైనో ఆమ్లాలతో జత చేస్తారు. అందువల్ల మాలిబ్డినం, గంధకం వంటి ఎదురు పదార్థాలు వాటిని పట్టుకోవడం కొంత తగ్గి, పేగు వరకు భద్రంగా చేరే అవకాశం పెరుగుతుంది. ధర మాత్రం ఎక్కువ.

ఎదురు పదార్థాల గొడవ లేని చోట, ఉదాహరణకు మేత బాగానే ఉండి పచ్చగడ్డి దొరికే పాలమూరు పల్లెలో, సాదా మిశ్రమమే నా ఎంపిక. పాలిచ్చే పశువుకు దిగుబడిని బట్టి రోజుకు 100 నుంచి 200 గ్రాములు, పడ్డలకు, వట్టిపోయిన పశువులకు 50 గ్రాములు, దూడలకు 20 నుంచి 25 గ్రాములు. చాలామంది నెలకు ఒక కిలో డబ్బా తెచ్చి, దాన్నే మూడు గేదెలకు సర్ది, ఫలితం లేదంటారు. లెక్క చూడండి: ఒక్కో గేదెకు రోజుకు 11 గ్రాములు. అది ఏ రకం పొడి అయినా ఫలితం ఇవ్వదు. చీలేటెడ్ పొడిని అరకొరగా వేయడం కన్నా సాదా పొడిని పూర్తి మోతాదులో వేయడం ఎన్నో రెట్లు మేలు. ఈ మాట మీద నాకు ఎలాంటి సందేహమూ లేదు.

ఎర్రబారిన వెంట్రుకలు, పదేపదే ఎద తప్పడం వంటి గుర్తులుండి, సాదా మిశ్రమాన్ని పూర్తి మోతాదులో మూడు నెలలు వాడినా మార్పు రాకపోతే అప్పుడు చీలేటెడ్ వైపు వెళ్లాలి. రాగి, జింక్, మాంగనీసు చీలేటెడ్ అయితే చాలు. కొన్ని డబ్బాల మీద ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉన్నా లోపల కట్టిన ఖనిజం కొద్దిగానే ఉంటుంది. ఏ ఖనిజం, ఎంత శాతం, దేనితో కట్టారు అన్న మూడూ రాసి లేని డబ్బాకు ఎక్కువ ధర ఇవ్వవద్దు.

ఏ రకమైనా ఫ్లోరిన్ ఎంత ఉందో చూడండి. ప్రమాణం ప్రకారం 0.07 శాతం మించకూడదు. మిశ్రమంలోని భాస్వరం రాతి ఫాస్ఫేట్ నుంచి వస్తుంది, ఆ రాతిలో సహజంగానే ఫ్లోరిన్ ఉంటుంది. పశువుల కోసం శుద్ధి చేయని రకం వాడితే, నీటి నుంచి వస్తున్నది చాలక పొడి నుంచి కూడా మనమే ఫ్లోరైడ్ పెట్టినవాళ్లం అవుతాం. సంచి మీద వివరాలు లేని చవక పొడి ఎక్కడైనా ప్రమాదమే, మర్రిగూడలో రెండింతల ప్రమాదం.

సెలీనియం: సూక్ష్మజీవి నిజంగా పనికొచ్చే చోటు

పైన చేసిన బరువుల లెక్కకు ఒక మినహాయింపు ఉంది. గేదెకు కావలసిన సెలీనియం రోజుకు 3.6 మిల్లీగ్రాములే. ఇంత చిన్న పరిమాణాన్ని సూక్ష్మజీవి తన ఒంట్లో మోసుకురాగలదు. సెలీనియం కలిపిన ద్రావణంలో ఈస్టును పెంచితే అది ఆ ఖనిజాన్ని తన మాంసకృత్తుల్లో కలుపుకుంటుంది. కిలోకు 2,000 మిల్లీగ్రాముల సెలీనియం ఉండే ఈస్టు అయితే రోజుకు రెండు గ్రాములకు లోపే సరిపోతుంది. మామూలు సోడియం సెలినైట్‌ను పెద్ద పొట్టలోని బ్యాక్టీరియా చాలావరకు కరగని సెలీనియంగా మార్చేస్తుంది, ఈస్టులోనిది మెరుగ్గా ఒంటికి పట్టి పాలలోకీ చేరుతుంది. ల్యాక్టోబాసిల్లస్ వంటి బ్యాక్టీరియాను కూడా ఇదే పద్ధతిలో పెంచి పరీక్షిస్తున్నారు. నన్ను అడిగితే రైతు కొనడానికి ఈరోజు ఈస్టు రకమే నమ్మదగినది.

అయితే సెలీనియం చాకు అంచు మీద నడక. కిలో మేతకు 0.3 మిల్లీగ్రాములు అవసరం, 5 మిల్లీగ్రాములు దాటితే విషం. మావి పడకపోవడం, పొదుగువాపు పదేపదే వస్తున్నాయని ఎవరో చెబితే సొంతంగా వేయవద్దు. ఖనిజ మిశ్రమంలో ఇప్పటికే సెలీనియం ఉందేమో చూసి, డాక్టరు చెప్పాకే వేయాలి.

గొర్రెలకు గేదెల పొడి వేయకండి

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, ఆ మందల్లో పెద్ద వాటా మన పాలమూరు, నల్గొండలదే. అందుకే ఈ మాట విడిగా చెబుతున్నాను. గొర్రె కాలేయం రాగిని కూడబెట్టుకుంటుంది, సులభంగా బయటికి పంపలేదు. మేతలో కిలోకు 15 మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదం మొదలవుతుంది. గేదె మాత్రం 40 దాకా తట్టుకుంటుంది. రాగి ఎక్కువగా ఉన్న గేదెల పొడి నెలల తరబడి తిన్న గొర్రె ఒకరోజు హఠాత్తుగా కళ్లు పచ్చబడి, ఎర్రటి మూత్రం పోసి చనిపోతుంది. అప్పటిదాకా పైకి ఏమీ తెలియదు.

మాలిబ్డినం ఉన్న నేలలో ఇదే గొర్రెకు రాగి లోపం కూడా రావచ్చు. అప్పుడు పుట్టిన పిల్లలు వెనుక కాళ్లు నిలవక ఊగుతూ నడుస్తాయి. రెండు వైపులా గొయ్యే. కాబట్టి గొర్రెలకు వాటి కోసమే చేసిన మిశ్రమం లేదా ఖనిజ ఇటుక వాడండి. మైలుతుత్తం (రాగి సల్ఫేట్) నీళ్లలో కలిపి పట్టించే పాత అలవాటును మానండి. ఈ మందలకు బ్యాక్టీరియా పొట్లం ఎంపికలోకే రాదు.

కోళ్ల దగ్గర లెక్క మారుతుంది

కోడికి పెద్ద పొట్ట లేదు. మొక్కజొన్నలో, సోయా చెక్కలో, తవుడులో ఉన్న భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్‌లో చిక్కుకుని ఉంటాయి. దానితోపాటే జింక్ కూడా చిక్కుకుంటుంది. కోడి దాన్ని పెద్దగా విప్పుకోలేదు. ఇక్కడ ఖనిజం ఉంది, అందడం లేదు. బ్యాక్టీరియాకు అసలు పని దొరికేది ఇక్కడే.

షెడ్లలో వందలు, వేలు పెంచేవారికి ఫైటేట్ కట్టును విప్పే ఫైటేజ్ ఎంజైము కలిపిన దాణా సరైన దారి. ఇప్పుడు వాడే ఫైటేజ్‌లలో చాలావాటికి మూలం బ్యాక్టీరియాయే. మోతాదు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, నిల్వా సులభం. రాజశ్రీ, వనరాజా వంటి పెరటి కోళ్లు పది, ఇరవై ఉన్న ఇంటికి మాత్రం పులియబెట్టిన దాణా చాలు. నూకలు, తవుడు, పొడి చేసిన మొక్కజొన్నను నీళ్లతో కలిపి, గరిటెడు పుల్లటి మజ్జిగ వేసి మూతపెట్టండి. మజ్జిగలోని ల్యాక్టిక్ బ్యాక్టీరియా పులుపు పుట్టిస్తుంది, ఆ పులుపులో గింజలోనే ఉన్న ఫైటేజ్ పనిచేయడం మొదలుపెడుతుంది. మన ఎండల్లో ఒక పగలు, ఒక రాత్రి చాలు. పుల్లటి వాసన వస్తే మంచిదే. బూజు కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా పారబోయండి. ఆ పూటకు తినేంతే కలపండి. గుడ్డు పెంకు కోసం సున్నపురాయి పొడి లేదా ఆల్చిప్పల పొడి విడిగా పెట్టడం మానవద్దు.

పాతర గడ్డి, పొలం

పాతర గడ్డికి (సైలేజీకి) వాడే ల్యాక్టోబాసిల్లస్ కల్చర్ మంచి పెట్టుబడే, కాని అది మేత చెడకుండా, పోషకాలు వృథా కాకుండా చూసుకోవడానికి. సూక్ష్మ ఖనిజాలు దానివల్ల పెరగవు. పొలంలో జింక్‌ను కరిగించే బ్యాక్టీరియా ఎరువులు నేలలో జింక్ ఉన్నచోట కొంత సాయం చేస్తాయి. నేలలోనే లేకపోతే ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాల్సిందే, దాన్ని డీఏపీతో కలపకూడదు. ముందు మట్టి పరీక్ష చేయించుకోండి. కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లో దగ్గరిదాన్ని అడిగితే దారి చూపిస్తారు.

పొట్లం కొనాల్సి వస్తే

మూడేళ్ల కింద దూడల కోసం నేను ఒక పెట్టె నిండా పొట్లాలు కొన్నాను. మే నెల, రేకుల కప్పు కింద అల్మారాలో పెట్టి ఉంచిన సరుకు. ఇంటికి తెచ్చాక చదివితే 25 డిగ్రీలు దాటకుండా దాచాలని రాసి ఉంది. దూడల పారుడు తగ్గలేదు, నాలుగు రోజుల తర్వాత డాక్టరు వచ్చి వేరే చికిత్స చేశారు. ఆ నాలుగు రోజులు ఒక దూడ పడిన బాధ ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ల్యాక్టోబాసిల్లస్ ప్రాణమున్న సరుకు, మన ఎండకు చస్తుంది. బాసిల్లస్ సబ్టిలిస్ వంటివి విత్తనంలా గట్టి పెంకులో నిద్రపోతాయి కనుక వేడిని ఓర్చుకుంటాయి, మాకు అవే నయం. జాతి పేరు, గడువు తేదీ నాటికి గ్రాముకు ఎన్ని బతికి ఉంటాయో రాసి లేకపోతే కొనవద్దు. ఉడికించిన వేడి దాణాలో కలపవద్దు.

మా పెద్దనాన్న ఆ పొట్లం వెనక్కి ఇచ్చేసి ఖనిజ లవణ మిశ్రమం పెద్ద సంచి తెచ్చుకున్నారు, గొర్రెలకు విడిగా ఇటుకలు కట్టారు. తొట్టికి భగీరథ నీళ్లు మళ్లించారు. ఐదింటిలో ఒక గేదెకు కళ్ల చుట్టూ రంగు ఇంకా తేలిపోయే ఉంది. పశువుల డాక్టరు రక్తం పంపితే రాగి మామూలుగానే ఉందని వచ్చింది. కాలేయంలో నిల్వ పూర్తిగా అడుగంటే దాకా రక్తంలో రాగి పడిపోదు కాబట్టి ఆ ఒక్క కాగితంతో ఆగకుండా, ఈసారి జొన్న చొప్పను రాగికీ మాలిబ్డినానికీ పరీక్ష చేయించబోతున్నారు. అది వచ్చాకే ఆ ఒక్క గేదెకు చీలేటెడ్ పొడి కొనాలో లేదో చూస్తామని చెప్పారు.